పది ఇళ్లు తిరిగిన సీడీ

మా ఇంట్లో వస్తువులకు కాళ్లుండేవి. తమిళ సీమలో ధర్మపురి పక్కన ఉన్న సోగత్తూరులో మా ఇంటి వసారాలో ఒక పొడుగు నిచ్చెన, ఒక కాటా, వీపుకు తగిలించుకుని పైరుకు మందు కొట్టే స్ప్రేయర్, పెళ్లి వంటకు సరిపోయే రెండు ఇత్తడి అండాలు ఉన్నాయని ఊరంతా చెప్పుకునేది. ఉన్నమాట నిజమే గానీ, అవన్నీ ఒకేసారి మా వసారాలో కనిపించిన రోజు నాకు గుర్తు లేదు. కావలసినవాళ్లు వచ్చి అడిగేవాళ్లు, మా నాయన ఇచ్చేవాడు. ఎందుకని అడిగేవాడు కాదు. ఎప్పుడు తెస్తారని అసలే అడిగేవాడు కాదు. మా నాయన ఎవరికీ లేదని చెప్పలేదు, ఇచ్చినదాన్ని వెనక్కి అడగలేదు, తన అవసరానికి ఒకరి గడప తొక్కి ఏదీ అడగలేదు. ఉన్న నాలుగెకరాల కంటే ఈ మూడింటినే ఆయన పెద్ద ఆస్తిగా చూసుకునేవాడు.

తీసుకువెళ్లేవాళ్లకూ ఒక పద్ధతి ఉండేది. వస్తువు ఖాళీగా తిరిగి రాకూడదు. అండా వస్తే అందులో నాలుగు బెల్లం అచ్చులు ఉండేవి. స్ప్రేయర్ వస్తే దాని పట్టీకి మునక్కాయల కట్ట వేలాడేది. నిచ్చెనలో ఏదీ పెట్టడానికి వీలుండదు కనుక నిచ్చెన తెచ్చినవాళ్లు ఇంకో చేత్తో సంచి తెచ్చేవాళ్లు. ఏ వస్తువు ఏ ఇంటికి వెళ్లి దేనితో తిరిగి వచ్చిందో మా అమ్మకు నోటికి వచ్చు. ఖాళీగా తెచ్చినవాళ్లు కూడా గుర్తే, వాళ్లు ఇంకా బాగా గుర్తు.

ఇలాంటి ఇంట్లోకి రెండు వేల ఐదు దాటాక ఒక ల్యాప్‌టాప్ వచ్చింది. నేను ధర్మపురిలో ఎంసీఏ చదువుతున్నాను. మిషన్‌ను బెంగళూరులో ఉత్తదిగా కొన్నాం, ఆపరేటింగ్ సిస్టమ్ వేరే డబ్బాలో ఇచ్చారు. డబ్బాలో ఒక సీడీ, దాని అట్ట వెనక అక్షరాలూ అంకెలూ కలిపి ఇరవై ఐదు గుర్తుల పొడుగు నంబరు. నాయన ఆ డబ్బాను పట్టా కాగితాల పక్కన బీరువాలో పెట్టి తాళం వేశాడు. ల్యాప్‌టాప్ నాది, బీరువాలో ఉన్నది తనది అన్నట్టు ఉండేది ఆయన వరస.

నేను చదువుకున్నదాన్ని కదా, డబ్బాలోని కాగితం మొత్తం చదివి నాయనను కూర్చోబెట్టి చెప్పాను. ఈ సీడీని ఒక్క మిషన్లోనే ఎక్కించాలి, ఇంకొకరికి ఇవ్వకూడదు, దీన్నే లైసెన్సు అంటారు అని. నాయన శ్రద్ధగా విన్నాడు.

"ఇంకొకరికి ఇస్తే అరిగిపోతుందా పాపా?"

"అరగదు నాయనా."

"మనకు ఉండేది తగ్గిపోతుందా?"

"తగ్గదు."

"మరి ఇస్తే ఏమి?"

ఎంసీఏ మొదటి ఏడాదిలో మాకు దానికి జవాబు చెప్పలేదు. రెండో ఏడాదిలోనూ చెప్పలేదు. అప్పటికి సాంకేతిక పదాలు నాలుగు విసిరి లేచిపోయాను, నాయన వాటిని మర్యాదగా వినిపించుకోలేదు.

మొదట వచ్చినది బి. మల్లాపురంలో ఉండే మా చిన్నాయన. ఆయనకు ఎరువుల అంగడి ఉంది, అంగట్లో ఒక కంప్యూటర్ ఉంది, అది చచ్చిపోయింది. సీడీ పట్టుకెళ్లాడు. నంబరును పెళ్లిపత్రిక వెనక రాసుకున్నాడు. వారానికి సీడీ తిరిగి వచ్చింది, తోడుగా కొత్త చింతపండు ఒక సంచి. ఆ తర్వాత తుంబలహళ్లి అత్త ఇంటికి వెళ్లి టమాటలతో వచ్చింది. మా వీధిలోనే రెండు ఇళ్లు తిరిగి రెండుసార్లూ అనపకాయలతో వచ్చింది. బస్టాండు దగ్గర ఫోటో స్టూడియో ఆయన తీసుకెళ్లి, సీడీతో పాటు నాయన ఫోటోను పెద్దది చేసి, వెనక మంచు కొండ పెట్టి, ఫ్రేము కట్టి తెచ్చాడు. జన్మలో పంచె మోకాలి కిందికి దించని మనిషి మంచు కొండ ముందు చలి లేకుండా నిలబడి ఉంటాడు. నాయన దాన్ని హాలులో అందరికీ కనపడేలా తగిలించాడు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆ సిస్టమ్‌ను ఎక్కించాక ముప్పై రోజుల్లోగా కంపెనీకి తెలియజేసి యాక్టివేషన్ చేయించుకోవాలి. లేకపోతే ముప్పై ఒకటో రోజు కంప్యూటర్ లోపలికి రానివ్వదు. ఇంటర్నెట్ ఉన్న ఒకరిద్దరు నెట్‌లోనే ఆ పని చేసేసుకున్నారు. లేనివాళ్లు ముప్పై రోజులు వాడుకుని, తలుపు పడగానే మళ్లీ సీడీ కోసం మా ఇంటికి వచ్చి మొదటి నుంచి ఎక్కించుకునేవాళ్లు. అలా నెలకోసారి మా ఇంటికి చుట్టాలు రావడం మొదలైంది. అమ్మ ఆ ఏడాది చింతపండు కొనలేదు. నాకు ఒళ్లు మండేది, కానీ ఆ చింతపండు పులుసు నేనూ తిన్నాను.

చివరి సెమిస్టర్లో నా ప్రాజెక్టు మొత్తం ఆ ల్యాప్‌టాప్‌లోనే చేస్తున్నప్పుడు స్టూడియో ఆయన పెన్ డ్రైవ్ ఒకటి ఇచ్చి, మంచు కొండ ఫోటో కాపీ ఇందులో ఉంది, దాచుకోండి అన్నాడు. పెన్ డ్రైవ్ కూడా ఖాళీగా రాలేదు. అందులో ఫోటోతో పాటు వచ్చిన వైరస్ రెండు రోజుల్లో నా ల్యాప్‌టాప్‌ను తినేసింది. ప్రాజెక్టు ఫైళ్లు కాలేజీలో ఒక కాపీ ఉంచుకున్నాను కాబట్టి బతికాను. సిస్టమ్‌ను మాత్రం మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి. బీరువా తీస్తే డబ్బా ఉంది, సీడీ లేదు.

"అమ్మా, సీడీ ఏడ ఉండాది?"

అమ్మ కాసేపు ఆలోచించింది. "తుంబలహళ్లి టమాటలు ఇంకా రాలేదు. మీ అత్త దగ్గరే ఉంటుంది పో."

పాలక్కోడు దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొకటి. అత్త నన్ను చూసి సంతోషపడి అన్నం పెట్టి, సీడీ ఇచ్చి, సంచి నిండా టమాటలు పోసింది. నా సీడీ నేను తెచ్చుకోవడానికి వెళ్లి టమాటలు మోసుకుంటూ నిలబడి వచ్చాను. సీడీ మీద పసుపు వేలిముద్ర ఒకటి ఉంది. చున్నీతో తుడిచి ఎక్కించాను, ఎక్కింది. ఆ పైన ప్రాజెక్టుకు కావలసిన డేటాబేస్‌ను ఒక సీనియర్ దగ్గర సీడీ అడిగి తెచ్చుకుని వేశాను. ఆమె వెంటనే ఆ సీడీ తీసుకుని బెంగళూరు వెళ్లిపోయింది.

యాక్టివేషన్ చేయమని ల్యాప్‌టాప్ రోజూ అడిగింది. తర్వాత చేస్తానని రోజూ చెప్పాను. ఇది పూర్తిగా నా బద్ధకం, ఇందులో చుట్టాల తప్పేమీ లేదు. ఇరవై ఆరో రోజు తీరిక చేసుకుని ఫోన్ లైనుకు వైరు తగిలించి నెట్‌లో ప్రయత్నిస్తే, ఈ నంబరును ఇప్పటికే చాలాసార్లు వాడారు, కింది ఫోన్ నంబరుకు చేసి మాట్లాడండి అని తెర మీద వచ్చింది. ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. ఐదో రోజు నా వైవా. చుట్టాల మాదిరి మళ్లీ మొదటి నుంచి ఎక్కిద్దామంటే డేటాబేస్ సీడీ బెంగళూరులో ఉంది. ల్యాప్‌టాప్ తెరుచుకోకపోతే నేను చూపించడానికి ఏమీ ఉండదు, ఏడాది పోతుంది.

ఫోన్ నాయన పేరు మీద ఉంది కాబట్టి మాట్లాడేది కూడా తానే అన్నాడు. ఇంటి పెద్ద ఉండగా ఆడపిల్ల కంపెనీవాళ్లతో మాట్లాడితే బాగుండదట. వాదించే ఓపిక లేక శిక్షణ ఇచ్చాను.

"నాయనా, ఆఖరులో ఒక ప్రశ్న అడగతారు. ఎన్ని కంప్యూటర్లలో ఎక్కించినారు అని. ఒకటి అని చెప్పాల. అంతే."

"సరే."

"ఏమని చెప్తావు?"

"ఒకటి."

మూడుసార్లు చెప్పించి నంబరు తిప్పాను. చాలాసేపు మిషన్ గొంతు ఏదేదో చెప్పాక ఒక అమ్మాయి తమిళంలో పలికింది. నేను రిసీవర్‌కు ఇటువైపు నుంచి చెవి ఆనించాను. నాయన కూడా తమిళంలోనే మొట్టమొదట, "భోజనం అయిందా అమ్మా?" అని అడిగాడు. ఉదయం పదకొండు గంటలు. ఆ అమ్మాయి ఒక్క క్షణం తడబడి, అయింది సార్ అంది. ఏం కూర అని అడగబోతుంటే మోచేత్తో పొడిచాను.

తర్వాత తెర మీద ఉన్న అంకెలు చదవాలి. ఆరేసి అంకెల గుంపులు, ఒక పెద్ద వరస. ల్యాప్‌టాప్‌ను రాగుల డబ్బా మీద పెట్టి నేను చెప్పడం, నాయన ఫోన్లో అప్పగించడం. నాయన ధాన్యం కొలిచే మనిషి. కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. అలవాటైన నోరు కదా, ఒకటి వచ్చినప్పుడల్లా లాభం అనే పలికింది.

"నాలుగు, ఏడు, లాభం, సున్నా, లాభం, మూడు."

ఆ అమ్మాయి రెండుసార్లు అదేమి అంకె సార్ అని అడిగింది. మూడోసారి నుంచి తనే సర్దుకుంది. అంకెలన్నీ అయ్యాయి.

"ఈ సీడీని ఎన్ని కంప్యూటర్లలో ఎక్కించారు సార్?"

నేను ఒక వేలు ఎత్తి నాయన ముఖం ముందు పెట్టాను. నాయన నా వేలు చూశాడు. గోడ మీద మంచు కొండ ముందు నిలబడ్డ తనను చూసుకున్నాడు. తర్వాత రిసీవర్‌ను అరచేత్తో మూసి వంటింటి వైపు తిరిగాడు.

"ఏమే, మన సీడీ ఎన్ని ఇండ్లకు పోయింది?"

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇలాంటి ప్రశ్న కోసం ఎన్నాళ్లుగానో ఎదురు చూస్తున్న మనిషిలా వేళ్లు ముడిచింది. "చింతపండు మీ తమ్ముడిది. టమాటలు మీ అక్కది. అనపకాయలు ఈ వీధిలోనే రెండిండ్లు. మునక్కాయలు ఒకటి. రాగిపిండి ఒకటి. బెల్లం ఒకటి. ఫోటో ఒకటి. మళ్ల ఆ కంప్యూటర్ సెంటర్ ఆయప్ప, ఖాళీగా తెచ్చి ఇచ్చినాడే, అది ఒకటి. తొమ్మిది. మనదీ కలిపితే పది."

"పది అమ్మా," అన్నాడు నాయన ఫోన్లో. తప్పు ఒప్పుకున్నట్టు కాదు, కాస్త గర్వంగానే అన్నాడు.

నేను ఎత్తిన వేలు దించి మళ్లీ రిసీవర్‌కు చెవి ఆనించాను. అటువైపు ఆ అమ్మాయి ఓపికగా, ఇది ఒక్క కంప్యూటర్‌కు ఇచ్చిన లైసెన్సు సార్ అని మొదలుపెట్టింది.

"మా ఇంట్లో నిచ్చెన ఒకటే ఉండాది అమ్మా," అన్నాడు నాయన. "ఊరంతా ఎక్కతారు. నిచ్చెన చేసినాయన ఏమీ అనలేదే."

"నిచ్చెన ఒకసారికి ఒక ఇంట్లోనే ఉంటుంది కదా సార్. పక్కింట్లో ఉన్నప్పుడు మీ ఇంట్లో ఉండదు. ఇది ఒకేసారి పది ఇళ్లలో ఉంది."

రెండేళ్లుగా నేను చెప్పలేకపోయిన జవాబును మొహం కూడా తెలియని ఆ అమ్మాయి ఒక్క ముక్కలో చెప్పేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. నాయనకు మాత్రం ఇంకేదో అయింది. ఆయన లెక్కలో వస్తువు తిరిగి వచ్చినట్టే, అట్ట వచ్చింది, సీడీ వచ్చింది, దాని వెనకే కూరగాయలు వచ్చాయి. అసలు వస్తువు మాత్రం తొమ్మిది ఇళ్లలో ఉండిపోయిందని అప్పుడే తెలిసింది.

"మిగతావాటిలోంచి తీసేసి, మీ ఒక్కదాంట్లోనే ఉన్నప్పుడు మళ్లీ ఫోన్ చేయండి సార్, యాక్టివేషన్ నంబరు ఇస్తాం," అంది ఆ అమ్మాయి.

"మూడు రోజుల్లో తీయిస్తాను అమ్మా," అని నాయన మాట ఇచ్చి ఫోన్ పెట్టేశాడు.

నేను మామూలుగానే కోపిష్టిని. ఆ రోజు ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. ఇంకోసారి ఫోన్ చేస్తే ఇంకెవరో ఎత్తుతారు, ఒకటి అని చెప్తే సరిపోతుంది, అందరూ చేసేది అదే అన్నాను.

"ఆ పాపకు చెప్పేసినా కదా," అన్నాడు నాయన.

"ఆ పాప మనకేమన్నా చుట్టమా?"

"చుట్టమైతే మళ్ల కలిసినప్పుడు ఏదో చెప్పి ఒప్పించుకోవచ్చు. ఆ పాపను నేను మళ్ల ఏడ చూసేది?"

ఇంతకీ నాయన ఏం ఒప్పుకున్నాడో నాకు కాస్త ఆలస్యంగా వెలిగింది. ఇచ్చినదాన్ని వెనక్కి అడగడానికి తొమ్మిది గడపలు ఎక్కాలి. అరవై ఏళ్లుగా చేయని పని మూడు రోజుల్లో తొమ్మిదిసార్లు చేయాలి. అది నా వైవా కోసం. అరుపు ఆగిపోయింది, కోపం మాత్రం ఎవరి మీద పడాలో తెలియక అలాగే ఉండిపోయింది.

మొదట మా వీధిలోనే అనపకాయల ఇంటికి వెళ్లాం. నాయన అరుగు మీద కూర్చున్నాడు. బోరులో నీళ్ల గురించి మాట్లాడాడు, మామిడి పూత గురించి మాట్లాడాడు. కాఫీ వచ్చింది, తాగాడు. "సరి, పోయేసి వస్తాము," అని లేచి బయటికి వచ్చేశాడు.

"అడగలేదేమి నాయనా?"

"అడగతామనే పోయినా. కాఫీ ఇచ్చేసినారు."

నేనే మళ్లీ లోపలికి వెళ్లి చెప్పాను. అప్పటి నుంచి పని పంచుకున్నాం. కాఫీ తాగడం నాయన వంతు, అడగడం నా వంతు. ఆ రోజు ఐదు ఇళ్లలో నాయన ఐదు కాఫీలు తాగాడు. నేను నాలుగు చోట్ల వాళ్ల ఫైళ్లు దాచి పెట్టి, సిస్టమ్‌ను తుడిచేసి, నల్లటి తెరలు వదిలిపెట్టి వచ్చాను. ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు. స్టూడియో ఆయన ఒక్కడే, అయితే నేనిచ్చిన ఆ ఫోటో కూడా వెనక్కి ఇచ్చేస్తారా అని నవ్వుతూ అడిగాడు. నాయన నవ్వలేదు.

ఆ రోజు ఆఖరిది కంప్యూటర్ సెంటర్. సీడీని ఖాళీగా తెచ్చి ఇచ్చి అమ్మ నోట్లో రెండేళ్లు నలిగిన మనిషి. సంగతి చెప్పగానే ఆయన తెల్లబోయాడు. "నేను ఎక్కించనే లేదు. ఆ రోజు నా మిషన్లో సీడీ పెట్టే డ్రైవ్ పనిచేయలేదు. వాడుకోనిదానికి ఏమి పెట్టి ఇచ్చేది?" అన్నాడు. ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. మర్నాడు ఆయన ఇంటికి పది ఒబ్బట్లు వెళ్లాయి.

రెండో రోజు తుంబలహళ్లి, దారిలో ఇంకో రెండు ఊళ్లు. అత్త తన తమ్ముడి ముఖం చూసి, ఏమీ అడగకుండా నాకు కంప్యూటర్ చూపించింది. మూడో రోజు బి. మల్లాపురం.

చిన్నాయన అంగట్లో రెండు కాటాల మధ్య, ఎరువుల బస్తాలకు ఆనుకుని కంప్యూటర్ ఉంది. పక్క గోడకు చిన్నాయన సొంత స్ప్రేయర్ వేలాడుతోంది. నేను చెప్పేది ఆయన మొత్తం విన్నాడు. నా వైపు చూడలేదు. నాయన వైపు తిరిగాడు.

"ఇచ్చినది వెనక్కి అడిగే ఇల్లా అన్నా మనది?"

"నేను అడగలా. కంపెనీ అడగతా ఉండాది."

"చింతపండు నేను కంపెనీకి ఇచ్చినానా?"

నాయన తల వంచుకుని బస్తా మీద ఉన్న గింజ ఒకటి తీసి చూశాడు. ఆ ముఖం చూస్తే నాకు వైవా వద్దు, డిగ్రీ వద్దు, వెనక్కి వెళ్లిపోదాం అనిపించింది. నిజంగానే అనబోయాను. ఈలోగా చిన్నాయన లేచి కుర్చీని నా వైపు కాలితో తోశాడు. నేను కూర్చుని ఆయన ఎరువుల జాబితాలన్నీ దాచి, సిస్టమ్ తీసేశాను. అరగంట పట్టింది. కాఫీ రాలేదు.

ధర్మపురి బస్సులో చాలా దూరం వచ్చాక నాయన, "చిన్నప్పుడు వాడు నా చొక్కాలే తొడుక్కున్నాడు," అన్నాడు. ఇంకాసేపటికి, "అవి నేను వెనక్కి అడగలా," అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను, గాలికి కళ్లు మండుతున్నాయని చెప్పాను.

నాలుగో రోజు ఉదయం మళ్లీ ఫోన్ చేశాం. ఈసారి వేరే అమ్మాయి. మొన్నటి పాప ఉందా అని నాయన అడిగాడు, లేదన్నారు. మళ్లీ అదే అంకెల వరస. నాయన ఈసారి భోజనం సంగతి అడగలేదు, అంకెలు కూడా కాగితం మీద రాసుకుని నెమ్మదిగా చదివాడు.

"ఎన్ని కంప్యూటర్లలో ఉంది సార్?"

"ఒకటి."

లాభం అనలేదు. ఆ అమ్మాయి చెప్పిన అంకెలు నేను కొట్టాను. యాక్టివేషన్ అయిపోయిందని ఒక చిన్న పెట్టె తెర మీద వచ్చి పోయింది, అంతే. నాయన ఫోన్ పెట్టేలోగా, "మొన్నటి పాప అడ్రస్ చెప్తే అనపకాయలు పంపుతాము అమ్మా, ఊరికే పని చేయించుకున్నట్టు ఉండాది," అన్నాడు. అటువైపు అమ్మాయి, ఇంకేమైనా సహాయం కావాలా సార్ అంది.

వైవా అయింది. నాకు అడిగినవన్నీ వచ్చాయి. సాఫ్ట్‌వేర్ లైసెన్సు అంటే ఏమిటని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే నిచ్చెన సంగతి చెప్పేదాన్ని.

ఆ తర్వాత మా ఇంటికి ఎవరూ రాలేదు. సీడీ కోసం రాకపోవడం సరే, అది నాకు అర్థమైంది. వాళ్లు తమ కంప్యూటర్లలో ఎవరి దగ్గర ఏం ఎక్కించుకున్నారో నేను అడగలేదు. కానీ నిచ్చెన కోసం కూడా రాలేదు. అండాల కోసం రాలేదు. ఒక పెళ్లి ముహూర్తాల నెల మొత్తం రెండు అండాలూ వసారాలో బోర్లించి ఉన్నాయి. నిచ్చెన, కాటా, స్ప్రేయర్, అండాలు అన్నీ ఒకేసారి మా వసారాలో ఉండటం నేను మొదటిసారి చూశాను. నిచ్చెన మెట్ల మధ్య సాలీడు గూడు కట్టింది. అమ్మ సంతలో చింతపండు కొని తెచ్చి, ఇది మన చింతపండు మాదిరి లేదని రోజూ అంది. నాయన పొద్దున్నే అరుగు మీద కూర్చుని వీధి చివరి దాకా చూసేవాడు. ఎవరైనా నడిచి వస్తుంటే లేచి నిలబడేవాడు. వాళ్లు నమస్కారం పెట్టి ముందుకు పోయేవాళ్లు.

ఒకరోజు నాయన ఉతికిన పంచె కట్టుకుని, బి. మల్లాపురం పోదాం రా పాపా అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. బస్సులో కూడా చెప్పలేదు. చిన్నాయన అంగడి ముందు దిగాక నేరుగా లోపలికి వెళ్లి నిలబడ్డాడు. చిన్నాయన కాటా మీద బస్తా పెడుతున్నవాడు పెట్టకుండా ఆగిపోయాడు.

"మీ స్ప్రేయర్ కావాల్రా," అన్నాడు నాయన. "నాలుగు రోజులు."

చిన్నాయన నమ్మలేనట్టు చూశాడు. మా నాయన ఒకరిని ఏదైనా అడగడం ఆయన పుట్టినప్పటి నుంచి చూసి ఉండడు.

"మీది ఏమైంది అన్నా?"

"ఉండాది."

"పాడైపోయిందా?"

"లేదు. వసారాలో ఉండాది."

చిన్నాయన బస్తాను కింద పెట్టాడు. ఇంకేమీ అడగలేదు. స్టూలు వేసుకుని గోడ మీది స్ప్రేయర్ దించి, గుడ్డతో దుమ్ము తుడిచి, నాయన చేతికి ఇచ్చాడు. ఆ రోజు కాఫీ వచ్చింది. ఇంటికి వచ్చే దారంతా నాయన స్ప్రేయర్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, కండక్టర్ వెనక పెట్టమన్నా పెట్టలేదు.

అప్పుడు మా పొలంలో మందు కొట్టాల్సిన పైరు ఒక్కటీ లేదు. నాలుగు రోజులు రెండు స్ప్రేయర్లూ వసారాలో పక్కపక్కనే ఉన్నాయి. ఐదో రోజు అమ్మ చిన్నాయన స్ప్రేయర్ పట్టీకి అనపకాయల సంచి కట్టి పంపింది.

వారం తిరక్కుండా చిన్నాయన మా వాకిట్లో నిలబడి, "అన్నా, కాటా ఒకటి కావాల్సి ఉండాది," అన్నాడు. ఆయన అంగట్లో రెండు కాటాలు ఉన్నాయని నాకు తెలుసు, నాయనకూ తెలుసు. ఎందుకని నాయన అడగలేదు, లోపలికి వెళ్లి మా కాటా తెచ్చి ఇచ్చాడు.